దోవ అడిగితే జీపొచ్చింది

ఇంగ్లీషులో ఏ అనే అక్షరం, ఐ అనే అక్షరం చూడటానికి ఎంత అమాయకంగా ఉంటాయో మీకు తెలుసు. పలక మీద దిద్దేటప్పుడు ఎవరికీ హాని చేసే రకాలుగా కనబడవు. అలాంటి రెండు అక్షరాలను నేను ఒకదాని చోట ఒకటి కూర్చోబెట్టినందుకు మా ఊరికి పోలీసు జీపు వచ్చింది. ఊరిపెద్ద అయిన మా మామ ఆ జీపులో ఎక్కే దాకా పోయింది వ్యవహారం. ఇంతటి ఘనకార్యం మా వంశంలో ఇంకెవరూ చేయలేదు కాబట్టి నింపాదిగా చెబుతాను. నవ్వొస్తే నవ్వేయండి. మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరొక్కరు బిగపట్టుకున్నంత మాత్రాన నాకు ఒరిగేదేమీ లేదు.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చిన్న పల్లె. దొరవారిసత్రం వైపు నుంచి వచ్చే తారురోడ్డు మా ఊరిదాకా రాదు. అలిగిన అల్లుడిలా దూరంగానే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఊళ్ళోకి సర్కారు తుమ్మచెట్ల మధ్యగా ఒక కాలిదోవ. ఎండాకాలంలో అది ముళ్ళు, దుమ్ము. వానలు పట్టాయంటే బురద. మామూలు బురద అనుకునేరు! కాలు పెడితే చెప్పును ఉంచుకుని మనిషిని మాత్రం వదిలే రకం. మగవాళ్ళు పడవల్లో చేపలు పట్టి తెస్తే, ఆడవాళ్ళు వాటిని గంపల్లో నెత్తిన పెట్టుకుని ఆ దోవనే రోడ్డు మీద ఆగిన ఆటోల దగ్గరికి పరుగెత్తాలి. ఆలస్యమైతే చేప మెత్తబడుతుంది, ఆటో వెళ్ళిపోతుంది.

జీపు రావడానికి ముందు ఏటి వానల్లో మా చెంగమ్మత్త ఆ దోవలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. గంపలోని రొయ్యలన్నీ కొంగలకు విందయ్యాయి. చెంగమ్మత్త అంటే ఊరిపెద్ద పెంచలయ్య మామ భార్య. మామ మా అమ్మకు అన్న. అదే వానల్లో, నిండు నెలలతో ఉన్న మా పక్కింటి కుమారిని మంచం మీద ఎత్తుకుని పోతుంటే రోడ్డు చేరకముందే ఆ తుమ్మచెట్లలోనే కాన్పయింది. తల్లీ బిడ్డా క్షేమమే గానీ, ఆ రోజు మంచం మోసినవాళ్ళ మొహాలు నేను చూశాను. అందుకే ఆ దోవ మాకు ఊరికే దోవ కాదు.

అలాంటి రోజుల్లో ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. సరస్సు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ, పక్షుల్ని చూడటానికి వచ్చేవాళ్ళూ నడిచేందుకు వీలుగా ఊరే ఒక కాలిబాట వేసుకుని, దాని బాగోగులు ఊరే చూసుకుంటానంటే గ్రాంటు ఇస్తారట. ఆ బాటకు వాళ్ళు పెట్టుకున్న పేరు కమ్యూనిటీ ట్రెయిల్. పంచాయతీ కార్యదర్శి మామకు ఫోను చేసి, "అర్జీ ఇంగ్లీషులో ఉంటే పైన తొందరగా కదులుతుంది పెంచలయ్యా" అన్నాడు.

ఇంగ్లీషు అనగానే ఊరంతా నా వైపు తిరిగింది. నేను అప్పుడే గూడూరులో డిగ్రీ ముగించి వచ్చాను. నా ఇంగ్లీషు మీద నాకున్న నమ్మకం, సినిమా హీరోకు తన జుట్టు మీద ఉండేంత. మామకైతే అంతకంటే ఎక్కువ.

"మన సుజాత ఇంగ్లీషు మాట్లాడతా ఉంటే ఫోను కూడా నోరు మూసుకొని ఇంటాది" అని అందరితో చెప్పేవాడు.

"రాసేసినాక బళ్ళో అయ్యవారికి ఒకసారి చూపిద్దామా మే?" అని అడిగింది చెంగమ్మత్త.

"ఆయనకెందుకత్తా, ఆయన చెప్పేది లెక్కలు" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గడ్డం ఎంత ఎత్తులో ఉందో ఇప్పుడు తలుచుకుంటే మెడ నొప్పి పుడుతుంది.

ఇక రాయడం. ట్రెయిల్ అనే మాట నేను అంతకు ముందు ఎక్కడా రాయలేదు. చెవిన పడిందే గానీ కంట పడలేదు. టీ, ఆర్ వరకు బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఏ ముందా, ఐ ముందా? ఐ ముందు పెట్టి చూశాను. కంప్యూటర్ ఆ మాట కింద ఎర్రగీత గీయలేదు. ఎర్రగీత లేదంటే తప్పు లేనట్టే కదా అని ముందుకు సాగిపోయాను. ఆ కంప్యూటర్ ఎందుకు గీయలేదంటే, అదీ ఒక మాటే మరి. దాన్ని ట్రయల్ అంటారు. కోర్టు, బోను, ముద్దాయి, సాక్షులు... ఆ ట్రయల్. విచారణ.

మీకు ఇప్పటికే పరిస్థితి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. నేను రాసినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"మా ఊళ్ళో తాతల కాలం నుంచి ట్రయల్ ఉంది. ప్రతి ఉదయం మా ఆడవాళ్ళు ట్రయల్‌ను ఎదుర్కొంటారు. బడిపిల్లలకు కూడా ఇది తప్పదు. వానాకాలంలో ట్రయల్ అతి భయంకరంగా ఉంటుంది, పెద్దవాళ్ళ ఎముకలు విరుగుతున్నాయి. ఒక గర్భిణికి ట్రయల్ మధ్యలోనే కాన్పయింది. ప్రభుత్వం నిధులిస్తే ఈ ట్రయల్‌ను మరింత గట్టిగా, ఏడాది పొడవునా సాగేలా చేస్తాం. బయటి నుంచి వచ్చే సందర్శకులకు కూడా ఈ అనుభవం కల్పిస్తాం. అంతా ఊరిపెద్ద పెంచలయ్య గారి పర్యవేక్షణలో జరుగుతుంది."

వలలు బాగుచేసుకునే పాక దగ్గర అందరినీ కూర్చోబెట్టి దాన్ని, రాసింది రాసినట్టే ట్రయల్ అని పలుకుతూ, ఇంగ్లీషులోనే గట్టిగా చదివాను. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అందరూ చప్పట్లు కొట్టారు. మామ సంతకం పెట్టేటప్పుడు చొక్కా చేతులు సర్దుకున్నాడు. ఆ రోజు నుంచి ఊరివాళ్ళు దోవను దోవ అనడం మానేశారు. "ట్రయలు కాడ గొడ్లు పడుకోనుండాయి, తోలు" అనేవాళ్ళు. "ట్రయలులో ముల్లు గుచ్చుకునింది" అనేవాళ్ళు. నా వల్ల మా ఊరికి ఒక కొత్త మాట వచ్చిందని నేను మురిసిపోయాను.

ఇప్పుడు ఆ కాగితం అందుకున్నవాళ్ళ వైపు నుంచి చూడండి. మా తీరంలో కొన్నిచోట్ల ఊరిపెద్దలే తీర్పులు చెప్పి జరిమానాలు వేస్తారనీ, మాట వినని ఇంటిని వెలివేస్తారనీ అధికారులకు ఎప్పటి నుంచో అనుమానం. ఆ సంగతి అడిగితే ఏ ఊరూ నోరు విప్పదు. అలాంటిది ఒక ఊరు తనంతట తానే ముందుకొచ్చి, "అవునండీ, మేం విచారణలు జరుపుతున్నాం, ఆడవాళ్ళనూ పిల్లలనూ కూడా వదలడం లేదు, ఎముకలు కూడా విరుగుతున్నాయి, దయచేసి గ్రాంటు ఇప్పించండి" అని రాసి, సంతకం పెట్టి పంపితే ఎవరు కుర్చీలో నిమ్మళంగా కూర్చుంటారు?

ఎవరూ కూర్చోలేదు. వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక ఉదయం జీపు వచ్చింది. దోవన వచ్చి ఉంటే ఆ బురద చూసి వాళ్ళకే అర్థమయ్యేది. కానీ పక్క ఊరి రొయ్యల గుంటల గట్టు మీదుగా చుట్టుతిరిగి వచ్చింది. ఆ గుంటల ఆసామి మాకు గేటు తీయడు, పోలీసులకు తీస్తాడు. జీపులోంచి జిల్లా ఆఫీసు మేడం ఒకామె దిగింది, చేతిలో ఫైలు. వెనక ఎస్సై దిగాడు, బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి.

"గ్రాంటు ఇచ్చేదానికి వచ్చినారు!" అని ఊరంతా పరుగెత్తింది. నేను కొత్త చుడీదార్ వేసుకుని, మేడంతో మాట్లాడాల్సిన ఇంగ్లీషు వాక్యాలు లోపల్లోపల నెమరేసుకుంటూ ముందు వరుసలో నిలబడ్డాను. అందుకే ఆ తర్వాత జరిగిన సంభాషణలో నేను నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఈ కథ సగానికే అయిపోయేది.

"ఇక్కడ పెంచలయ్య ఎవరు?" అంది మేడం.

"నేనే మేడం" అన్నాడు మామ ఛాతీ విరిచి. "మీరొస్తారని చానా దినాలుగా ఎదురు చూస్తా ఉండాం."

"ఎదురు చూస్తున్నావా! ధైర్యమే" అన్నాడు ఎస్సై.

"ఈ ఊళ్ళో ట్రయల్ ఉందని రాశారు. నిజమేనా?"

"నిజమే మేడం. మా నాయన కాలం నుంచీ ఉండేదే. ఇప్పుడు నేను చూసుకుంటా ఉండా."

"ఎక్కడ?"

"ఆ పక్క, తుమ్మచెట్లలో."

"చెట్లలోనా!" మేడం, ఎస్సై ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆడవాళ్ళను కూడా...?"

చెంగమ్మత్తకు ఆ ఒక్క ప్రశ్న చాలు. జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. "ఆడోళ్ళకే మేడం ఈ బాధంతా! మొగోళ్ళు పడవెక్కి తప్పించుకుంటారు. తెల్లారితే ట్రయలులో పడి చచ్చేది మేమే. ఇదో చూడండి నా చెయ్యి, ఇంకా సరిగ్గా పైకి లేవదు."

"ఇది... ట్రయల్‌లో విరిగిందా అమ్మా?"

"దాంట్లోనే మేడం. ఒక్క దెబ్బకే."

మేడం కళ్ళు చెమర్చాయి. "అంతమంది ఉండి ఎవరూ అడ్డుపడలేదా?"

"అడ్డమెవురు పడతారు? ఎనక వచ్చే మస్తానమ్మ కూడా నా మీదే పడింది. గంపతో సహా!"

"పిల్లల్ని కూడా వదలరా?" అని ఎస్సై గట్టిగా అడిగాడు.

"పిల్లోళ్ళది బాధ లేదు సార్. చెప్పులు చేత్తో పట్టుకొని నవ్వుకుంటా పోతారు" అన్నాడు మామ.

"డబ్బులు వసూలు చేస్తున్నావా?"

"అయ్యో, మేము ఎవురి కాడా తీసుకోము సార్. మీరే ఇయ్యాల!"

"మేమివ్వాలా!" ఎస్సై మీసం రెండు వైపులా లేచింది.

నేను ఇదంతా చిరునవ్వుతో చూస్తున్నాను. మేడం కళ్ళు తుడుచుకుంటుంటే, నా అర్జీలోని ఇంగ్లీషు ఆమె మనసును అంతగా కదిలించిందనే అనుకున్నాను. ఒట్టు.

"పెంచలయ్యా, జీపెక్కు" అన్నాడు ఎస్సై.

"జీపెందుకు సార్? ఇక్కడే గదా ట్రయలు. నడిచే పోదాం రండి."

"ట్రయల్‌కు కాదు. స్టేషన్‌కు."

"స్టేషనా?"

"సొంతంగా కోర్టు పెట్టి ఆడవాళ్ళ చేతులు విరగ్గొడుతూ, దానికి ప్రభుత్వం డబ్బు అడుగుతావా?"

"కోర్టా!" మామ గొంతు ఒక్కసారిగా సన్నబడింది. "మా ఊళ్ళో బడికే సరైన గోడ లేదు సార్, కోర్టు యాడ నుంచి వస్తాది?"

చెంగమ్మత్త ఆయన భుజం మీది తువ్వాలు పట్టుకుని ఏడుపు లంకించుకుంది. ఆడవాళ్ళందరూ జీపు చుట్టూ మూగారు. మామ నా వైపు తిరిగాడు. తుఫాను వేళ పడవలో కూడా ఆ మొహంలో భయం చూడలేదు నేను. ఆ రోజు చూశాను.

"సుజాతా, ఏం రాసినావు మే?"

తిట్టలేదు. నిజంగానే అడిగాడు. నవ్వు సగంలో ఎండిపోయి నా మొహానికే అంటుకుపోయింది. మేడం దగ్గరికి వెళ్ళి ఆ కాగితం అడిగి తీసుకున్నాను. మొదటి వాక్యం చదివాను. రెండోది చదివాను. మూడోదానికి వచ్చేసరికి తప్పు కంటపడింది. ట్రయల్, ట్రయల్, ట్రయల్. కాగితం నిండా ఐ ముందు నిలబడి, ఏ వెనక నిలబడి, నన్ను చూసి పళ్ళికిలిస్తున్నట్టుగా ఉంది.

"మేడం" అన్నాను. నెమరేసుకున్న ఇంగ్లీషంతా ఎటు పోయిందో పోయింది. "ఇది నేను రాసిన అర్జీ. మామకు ఇంగ్లీషు రాదు. ఇది ట్రయల్ కాదు మేడం, ట్రెయిల్. దోవ. మేము అడిగింది నడిచే దోవ."

మేడం కాగితం వెనక్కి తీసుకుని పైనుంచి కిందికి చూసింది.

"అన్నిచోట్లా ట్రయల్ అనే ఉంది కదమ్మా. కనీసం ఒక్కచోటైనా పొరపాటున సరిగ్గా రాయలేదా?"

"లేదు మేడం. చాలా జాగ్రత్తగా రాశాను."

ఎస్సై నమ్మలేదు. "ఇప్పుడు దొరికిపోయి దోవ అంటున్నారు మేడం. ఏదీ ఆ దోవ, చూపించండి" అన్నాడు. అందరం కదిలాం. ముందు ఎస్సై, వెనక మేడం, ఆ వెనక ఊరు. తుమ్మచెట్ల మొదట్లోనే "సార్, ఎడమ పక్క తొక్కండి, ఎడమ పక్క!" అని మామ అరిచాడు. పోలీసుకు దారి చెబుతావా అన్నట్టు చూసి ఎస్సై కుడి పక్క తొక్కాడు. మోకాలి దాకా దిగిపోయాడు. రెండో కాలు ఆదుకోవడానికి పోయి అదీ దిగింది. ఇలాంటివి రోజూ చూసే మా ఆడవాళ్ళు చీరలు ఎగదోపి, చంకల కింద చేతులు వేసి పైకి లాగారు. మనిషి వచ్చాడు. ఒక బూటు రాలేదు.

ఎస్సై ఒంటికాలి మీద నిలబడి, రొప్పుతూ, మేడం వైపు చూశాడు.

"మేడం, ఆ అమ్మాయి అర్జీలో తప్పేమీ లేదు. ఇది ట్రయలే."

ముందు మేడం నవ్వింది. ఆ తర్వాత మామ, ఆ తర్వాత ఊరంతా. చెంగమ్మత్త కళ్ళల్లో నీళ్ళు కారుతుండగానే నవ్వింది. నేనొక్కదాన్నే నవ్వలేదు, ఆ బురద ఇంకాస్త లోతుగా ఉంటే దిగిపోదామని చూస్తున్నాను.

మేడం మాత్రం అక్కడితో వెనక్కి తిరగలేదు. చెప్పులు విప్పి, చెంగమ్మత్త బాగున్న చేతిని పట్టుకుని రోడ్డు దాకా నడిచింది. కుమారికి కాన్పయిన చోటు ఇదేనని అత్త చూపిస్తే అక్కడ కాసేపు ఆగింది. తిరిగి వచ్చాక పాకలో పీట మీద కూర్చుని, "అర్జీ మళ్ళీ రాయండి. ఇప్పుడే, నా ముందే. తెలుగులో రాయండి, నేను పంపిస్తాను" అంది.

రాశాను. మామ సంతకం పెట్టే ముందు కాగితాన్ని ఎటు నుంచి చూడాలో అటు నుంచీ, చూడకూడని వైపు నుంచీ కూడా చూసి, "దీంట్లో నేనెవుర్నీ కొట్టలేదు గదా?" అని అడిగి మరీ పెట్టాడు. మేడం టీ తాగి లేవబోయింది.

"ఉండండి మేడం" అంది చెంగమ్మత్త. "మా ఊళ్ళో విచారణలు జరగతా ఉండాయని గదా ఇంత దూరం వచ్చినారు? ఒట్టి చేతులతో ఎట్ట పోతారు? ఒకటి చూసి పోండి."

అని నన్ను రెక్క పట్టుకుని పాక మధ్యలో నిలబెట్టింది.

"ముద్దాయి ఇది. నా మొగుణ్ణి జీపెక్కించబోయింది. ఏమంటారు మే?"

"తప్పే!" అన్నారు ఆడవాళ్ళందరూ.

"మామా, నువ్వన్నా చెప్పు!" అన్నాను.

"నన్ను కలపబాకండి. నేను ఇప్పుడే తప్పించుకున్నోణ్ణి" అని మామ వల సర్దుకోవడంలో పడిపోయాడు.

చెంగమ్మత్త గొంతు సవరించుకుంది. "ఈ దోవ పడిందాకా రోజూ తెల్లారి నా గంప ఇదే మోయాల. నేను ఒట్టి చేతులతో పక్కన నడస్తా. ఇదే తీర్పు."

నేను ఎస్సై దగ్గరికి పరుగెత్తాను. "సార్, చూశారు కదా! మీ కళ్ళ ముందే శిక్ష వేస్తున్నారు. ఇది నేరం కాదా?"

ఎస్సై మేజోడు పిండుకుంటూ ఒక్క క్షణం ఆలోచించాడు. "నేరమే. శిక్ష మరీ తక్కువగా ఉంది."

మేడం కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆమె ఫైలు మూసి చంకలో పెట్టుకుంది. "ఈ ఊళ్ళో ఎలాంటి విచారణలూ జరగడం లేదని రాసేశానమ్మా. రాసినదాన్ని కొట్టేస్తే బాగుండదు" అని జీపెక్కింది.

గ్రాంటు వచ్చింది. అయితే ప్రభుత్వం పనులు మీకు తెలియనివి కావు, ఆ వచ్చేలోగా నేను గంప మోస్తూనే ఉన్నాను. చేపల నీళ్ళు జుట్టులోకి, జుట్టులోంచి చెవిలోకి, చెవిలోంచి కొత్త చుడీదార్ మీదికి. అత్త పక్కనే చెయ్యి ఊపుకుంటూ, "ఎడమ పక్క తొక్కు మే, ఎడమ పక్క" అని దారంతా ఒకటే పాట. నేను జారినప్పుడల్లా నాకంటే ముందు ఆమె చెయ్యే వచ్చేది, ఆ సరిగ్గా లేవని చెయ్యి. కడుపునిండా తిట్టి, రోడ్డు మీద ఆటో ఎక్కే ముందు గంప తీసుకుని తన కొంగుతో నా మొహం తుడిచేది.

తర్వాత ఊరంతా కలిసి తుమ్మచెట్లు నరికి, గ్రావెల్ పోసి, నీళ్ళు నిలిచేచోట చిన్న చెక్కవంతెన కట్టాం. ఇప్పుడు వంతులవారీగా ఇంటికొకరు ముళ్ళు కొట్టి, గుంతలు పూడుస్తారు. చలికాలంలో ఫ్లెమింగోలను చూడటానికి పట్నం నుంచి వచ్చేవాళ్ళు మెడలో కెమెరాలు వేసుకుని ఆ దోవన నడుస్తూ, "ఎంత బాగుందీ ట్రెయిల్!" అంటారు. మా ఊరివాళ్ళు వెంటనే సరిదిద్దుతారు. "ట్రెయిల్ కాదు సార్, ట్రయలు." ఎంత చెప్పినా మార్చుకోరు. మా సుజాత చెప్పినాది అంటారు.

కాబట్టి పులికాట్ నీళ్ళ సాక్షిగా, చెంగమ్మత్త చెయ్యి సాక్షిగా, బురదలో ఇంకా ఎక్కడో ఉన్న ఆ పోలీసు బూటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా ఊరి తరఫున ఏ ప్రభుత్వానికి ఏ అర్జీ రాసినా, అందరికీ అర్థమయ్యే తెలుగులోనే రాస్తాను. చప్పట్లు కొడితే పంపను. కనీసం ఇద్దరు ముసలమ్మలు మధ్యలో అడ్డం తగిలి, "ఇదేంది మే, ఇట్ట రాసినావు?" అని తిట్టిన తర్వాతే పంపిస్తాను.